కర్మ అనే మాట ఎవరి మీద వాడాలి?



ఇది కొంచెం పొడుగు రాత. తీరిక చేసుకొని చదవమని మనవి. ఉగాది పనులు మొదలయ్యే ముందే ఈ సంగతి మాట్లాడుకోవాలని మేము, అంటే ప్రతి ఏడూ వంట, వడ్డన చూసుకునే నలుగురం, కూర్చొని అనుకున్నాం. ఒకరు రాస్తే మిగిలినవాళ్ళం దిద్దినాం. తప్పులుంటే నలుగురివీ.

రెండేండ్ల కింద ఉగాదినాడు జరిగింది ఇది. హొసూరులో మనం బాడుగకు తీసుకున్న కల్యాణ మంటపానికి ఒక తల్లి తన కొడుకును చక్రాల కుర్చీలో తోసుకొని వచ్చింది. పిల్లవాడికి పద్నాలుగేండ్లు. పుట్టినప్పటి నుంచి కాళ్ళూ చేతులూ వాడి మాట వినవు. మాట కూడా తడబడుతుంది. తెలివికి మాత్రం ఏ లోటూ లేదు. మన పిల్లలు పద్యాలు చదువుతుంటే ముందు వరసలో ఉండి, ఒకరు మధ్యలో మరిచిపోతే తరువాతి మాట వాడే అందించినాడు. చాలామంది గమనించలేదు, మేము గమనించినాం.

భోజనాల వేళకు మన పెద్దాయన ఒకరు వాళ్ళ దగ్గరికి పోయి, పిల్లవాడి తల నిమిరి, "పోయిన జన్మలో ఏం చేసుకున్నాడో తల్లీ, ఈ జన్మలో తీర్చుకుంటున్నాడు. నువ్వు దిగులు పడొద్దు" అన్నాడు. ఆయన ఓదార్పుగానే అన్నాడు. గొంతులో కనికరం ఉంది. ఆ తల్లి ఒక నవ్వు నవ్వింది. మేము ఓళిగలు వడ్డించుకుంటూ ఆ వరసకు వచ్చేసరికి వేసిన రెండు ఆకులూ అట్లనే ఉన్నాయి. వాళ్ళు వెళ్ళిపోయినారు.

ఆ మాట మేము విన్నాం. పక్కనే ఉన్నాం. ఏమీ అనలేదు. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పకూడదనుకున్నామో, పండగపూట గొడవెందుకనుకున్నామో, లేక మా మనసులోనూ ఆ మాట నిజమే అనిపించిందో, ఇప్పటికీ చెప్పలేం.

పోయిన ఉగాదికి వాళ్ళు రాలేదు. పిలిచేదానికి ఇంటికి పోయినాం. మంటపానికి నాలుగు మెట్లున్నాయి కదా, కుర్చీ ఎత్తేదానికి ఇబ్బంది అయిందేమో, ఈసారి మేమే ఎత్తి పెడతాం అన్నాం. ఆమె కాఫీ ఇచ్చి, మెల్లగా చెప్పింది: "మెట్లుండాయని కాదన్నా రానిది. వాడికి చెవులు బాగా వినిపిస్తాయి. ఇంటికొచ్చినాక, నేను ఏం చేసినా అమ్మా అని వారం దినాలు అడిగినాడు. మళ్ళా వినేదానికి రావాలా?"

మా దగ్గర బదులు లేదు.

ఇక్కడ ఆ పెద్దాయన గురించి చెప్పాలి, లేకపోతే ఆయనకు అన్యాయం చేసినట్లవుతుంది. ఆయనది దెంకణికోట పక్క పల్లె. అడవి అంచున రాగి చేను. బన్నేరుఘట్ట అడవి నుంచి ప్రతి ఏడూ ఏనుగుల మందలు మన పక్కకు దిగడం, తళి, దెంకణికోట, సూళగిరి పల్లెల్లో కోతకొచ్చిన రాగి మీద పడడం మనందరికీ తెలిసిందే. ఒక్క రాత్రిలో ఆరు నెలల కష్టం పోతుంది. మనుషులు కూడా చచ్చిపోయినారు. ఒక ఏడు ఆయన చేను మూడొంతులు తొక్కేసినాయి. ఊళ్ళో కొందరు, కంచెకు దొంగ కరెంటు లాగుదాం, ఒక్కటి పడితే మిగిలినవి ఈ దిక్కుకు రావు అన్నారు. ఆయన తన చేనుకు లాగనివ్వలేదు. "అది ఏ జన్మలో ఎవరికి తల్లో! కడుపుకు తినేదానికి వచ్చింది. దాన్ని చంపి నేను ఎన్ని జన్మలకు తీర్చుకోవాల?" అన్నాడు.

ఆ మాట విలువ ఎంతో 2023 మార్చిలో తెలిసింది. పక్క జిల్లా ధర్మపురిలో, మారండహళ్ళి దగ్గర, చేనుకు పెట్టిన దొంగ కరెంటు కంచె తగిలి మూడు ఆడ ఏనుగులు చచ్చిపోయినాయి. రెండు గున్నలు తల్లుల పక్కనే తిరుగుతూ మిగిలినాయి. ఆ బొమ్మలు మనమందరం ఫోన్లలో చూసి కండ్లనీళ్ళు పెట్టుకున్నాం.

ఏనుగును కాపాడిన నమ్మకం, ఆ పిల్లవాడిని నొప్పించిన నమ్మకం ఒక్కటే. మనిషీ ఒక్కడే. ఇది మాకు చాలా దినాలు మింగుడు పడలేదు. మంచి నమ్మకమే అయితే పిల్లవాడి దగ్గర ఎందుకు కొరడా అయింది? చెడ్డ నమ్మకమే అయితే ఏనుగు దగ్గర ఎందుకు కనికరమైంది? ఆ వెదుకులాటలో మేము బౌద్ధం గురించి కొంత చదివినాం. పునర్జన్మ బుద్ధుడు కొత్తగా కనిపెట్టింది కాదు. ఆయన నాటికే మన దేశంలో ఆ మాట నడుస్తూ ఉంది. జైనులూ చెప్పినారు, ఉపనిషత్తులూ చెప్పినాయి. కానీ దాన్ని హిమాలయాలు దాటించి, సముద్రం దాటించి, పది దేశాల వంటింటి దాకా తీసుకుపోయింది బౌద్ధులు. అందుకని ఆ నమ్మకం మనుషుల నడవడిని ఎట్ల మారుస్తుందో చూడాలంటే ఆ దేశాలను చూడాల్సిందే.

ఆ దారి మన తెలుగు నేల మీదుగానే పోయింది. మనకు చెన్నపట్నం దూరం కాదు. ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పాలు ఉన్నాయి, పిల్లలకు ఒకసారి చూపించండి. దాదాపు 2000 ఏండ్ల కింద మన శిల్పులు పాలరాయిలాంటి సున్నపురాతి మీద బుద్ధుడి పాత జన్మల కథలు, అంటే జాతక కథలు చెక్కినారు. పాలి భాషలో ఇవి 547 ఉన్నాయి. వాటిలో ఆయన ఒకసారి జింక, ఒకసారి కోతి, ఒకసారి కుందేలు, ఒకసారి ఆరు దంతాల ఏనుగు. తన దంతాల కోసం విషపు బాణం వేసిన వేటగాడికి, దంతాలు కోసుకునేదానికి తానే సాయం చేసిన ఏనుగు కథ అది. పల్నాటి గోలి ఊరి స్తూపం పలకల మీద వెస్సంతర జాతకం ఉంది. ఉన్నదంతా దానం చేసి, చివరికి బిడ్డలను కూడా ఇచ్చేసిన రాజకుమారుడి కథ. ఆ పలకలూ చెన్నపట్నంలోనే ఉన్నాయి. ఈ కథనే థాయిలాండులో నేటికీ ఏటా గుళ్ళల్లో చదివిస్తారు. ఊరంతా కూర్చొని వింటారు.

ఆ శిల్పాలకు డబ్బు పెట్టింది రాజులు మాత్రమే కాదు. విధికుడు అనే చర్మకారుడు ఇంటివాళ్ళతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను ఇచ్చినట్లు అమరావతి శాసనం చెబుతుంది. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు శాంతమూలుడి తోబుట్టువు శాంతిశ్రీ మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టి, ఇహంలోనూ పరంలోనూ తనవాళ్ళకు మేలు కలగాలని రాయించింది. ఇక్కడ ఒకటి గమనించండి. వీళ్ళకు జన్మల లెక్క ముందుకు చూసే లెక్క. ఇప్పుడు నేను ఏం ఇవ్వాలి, ఎవరికి మేలు జరగాలి అని. ఆ చర్మకారుణ్ణి, నువ్వు పోయిన జన్మలో ఏం చేసి ఈ కులంలో పుట్టినావు అని ఆ స్తూపం దగ్గర ఎవరూ అడగలేదు. అతని పేరు రాతి మీద చెక్కినారు.

మన పిల్లలు బడిలో తమిళం చదువుతున్నారు కాబట్టి మణిమేఖలై కథ వాళ్ళకు మనకంటే బాగా తెలుసు. అదీ బౌద్ధుల కావ్యమే. మణిపల్లవం దీవిలో మణిమేఖలకు తన పాత జన్మ తెలుస్తుంది. తెలిసిన తరువాత ఆమె చేసే పని ఏమిటి? అక్షయపాత్ర పట్టుకొని ఆకలిగొన్నవాళ్ళకు అన్నం పెట్టడం. కాయచండిక అనే ఆమెకు ముని శాపం వల్ల ఎంత తిన్నా తీరని ఆకలి పట్టి ఉంటుంది. తమిళంలో దాన్ని ఏనుగు ఆకలి అంటారు. శాపానికి కారణం ఆమె చేసిన పొరపాటే. తప్పు నీదే కదా, అనుభవించు అని మణిమేఖల అనదు. ఒక ముద్ద పెడుతుంది, ఆకలి తీరుతుంది. తరువాత రాజును అడిగి చెరసాలనే అన్నశాలగా మార్పిస్తుంది. చెరలో ఉండేవాళ్ళందరూ ఏదో ఒక తప్పు చేసి వచ్చినవాళ్ళే కదా!

ఇంక మన పొరుగు చూద్దాం. చలికాలంలో స్వెట్టర్లు అమ్మే టిబెట్ వాళ్ళను మనం చూస్తూనే ఉంటాం. 1960 ప్రాంతంలో కర్ణాటకలో వాళ్ళకు నేల ఇచ్చినారు. మైసూరు అవతల బైలకుప్పెలో, మన అంచెట్టి అడవి దాటి పోతే కొళ్ళేగాల దగ్గర ఒడెయర్‌పాళ్యలో వాళ్ళ ఊళ్ళున్నాయి. వాళ్ళు చిన్నపిల్లలకు నేర్పే పాఠం ఒకటుంది. జన్మలకు మొదలు లేదు కాబట్టి, లోకంలో ప్రతి ప్రాణీ ఏదో ఒక జన్మలో మనకు అమ్మ అయివుంటుంది, మనల్ని ఎత్తుకొని పాలిచ్చి ఉంటుంది. కాలి కింద పురుగును, కసురుకునే పోలీసును, శత్రువును కూడా అట్లనే తలుచుకోవాలి. మన పెద్దాయన ఏనుగును చూసి అన్నది సరిగ్గా ఇదే మాట. టిబెట్ పుస్తకం ఆయన చదివినవాడు కాదు. మన నేలలోనే ఎక్కడో ఆ మాట ఇంకి ఉంది.

అట్లాగని టిబెట్ వాళ్ళు మాంసం తినరా అంటే తింటారు. ఆ చలికొండల్లో గతి లేదు. కానీ అక్కడా ఒక లెక్క పెట్టుకున్నారు. ఒక పెద్ద ప్రాణిని చంపితే ఎందరికో సరిపోతుంది, చిన్న చేపలైతే ఒక్కడి కడుపుకు ఎన్నో ప్రాణాలు పోతాయి, అందుకని పెద్దదే మేలు అని. కొన్ని పశువులకు చెవికి రంగు దారం కట్టి ఇంక కోతకు లేదని వదిలేస్తారు. మనవాళ్ళు దేవుడి పేరు మీద ఆంబోతును వదిలినట్లే. నమ్మకాన్నీ బతుకునూ ఎట్లనో సర్దుకున్నారు. ఆ సర్దుబాటులో నిజాయితీ ఉంది.

శ్రీలంకలో వైశాఖ పున్నమికి దారి పొడుగునా పందిళ్ళు వేసి, పోయేవాళ్ళను ఆపి అన్నం పెడతారు. మన జాతరలో మజ్జిగ పందిళ్ళు గుర్తొస్తాయి. అక్కడా, బర్మాలోనూ దానం చేసిన తరువాత నీళ్ళు వంపుతూ ఆ పుణ్యాన్ని చచ్చిపోయినవాళ్ళకు, కనబడని ప్రాణులకు పంచిపెడతారు. మనం ధారపోయడం అంటామే, అదే. థాయి భాషలో పుణ్యాన్ని బున్ అంటారు, పాపాన్ని బాప్ అంటారు. మాటలు కూడా మన దిక్కు నుంచి పోయినవే.

మంచి ఒక్కటే చెబితే సగం చెప్పినట్లు. బాంకాకులో గుడి ముందర పంజరాల్లో పిట్టలను అమ్ముతారు. డబ్బిచ్చి కొని, పంజరం తెరిచి వదిలితే పుణ్యం. ఆ పిట్టలు ఎక్కడివి? వదిలేవాళ్ళ కోసం పట్టుకొచ్చినవి. పట్టేటప్పుడు, మోసేటప్పుడు ఎన్నో చస్తాయి. పిట్ట మేలు కోసం మొదలైన పని కొనేవాడి పుణ్యం లెక్కకోసం పిట్టను బోనులో పెట్టే పని అయింది. జన్మల లెక్క కనికరం నుంచి జారి ఖాతా పుస్తకంలో పడితే ఇట్లనే అవుతుంది.

అంతకంటే బరువైన కథ జపానుది. అక్కడ బురాకుమిన్ అని మన దళితుల్లాగా వెలివేసిన జనం ఉన్నారు. తోలు పని, చచ్చిన పశువుల పని వాళ్ళది. జపానులో చనిపోయినవాళ్ళకు గుడి గురువు కొత్త పేరు పెడతాడు, సమాధి మీద చెక్కుతారు. ఎన్నో గుళ్ళల్లో వీళ్ళకు మాత్రం పశువు అనే అర్థం వచ్చే అక్షరాలతో పేర్లు పెట్టినారు. వీళ్ళ పుట్టుక పాత జన్మల కర్మ ఫలం అని బోధలు చేసినారు. 1979లో అమెరికాలో జరిగిన మతాల శాంతి సభలో, సోతో జెన్ శాఖ పెద్ద ఒకరు జపానులో అట్లాంటి వివక్ష ఏమీ లేదన్నాడు. బురాకుమిన్ సంఘాలు ఊరుకోలేదు. గుళ్ళ దస్తావేజులు బయటికి తీయమన్నారు. తీస్తే అన్నీ ఉన్నాయి. 1984లో మళ్ళీ అదే సభల్లో ఆయన తన మాట తప్పని ఒప్పుకున్నాడు. ఆ శాఖ తన పుస్తకాలను, సమాధి పేర్లను వెదికి దిద్దుకునే పని పెట్టుకుంది. ఒక మతశాఖ నిలబడి, కర్మ పేరు చెప్పి మనుషులను తొక్కినాం అని ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు.

మతం మారినా, దేశం మారినా ఈ మాట అంతే. 1999లో ఇంగ్లండు ఫుట్‌బాల్ జట్టు శిక్షకుడు గ్లెన్ హాడిల్, వికలాంగులు పోయిన జన్మ తప్పులకు ఫలం అనుభవిస్తున్నారనే అర్థంలో పత్రికతో మాట్లాడి నాలుగు దినాల్లో పదవి పోగొట్టుకున్నాడు. అతను బౌద్ధుడు కూడా కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. బుద్ధుడు ఈ మాట అన్నాడా, లేదా?

బౌద్ధ గ్రంథాల్లో అట్లాంటి మాటలు లేవని మేము అనం. ఉన్నాయి. ధమ్మపదం వ్యాఖ్యానంలో మొట్టమొదటి కథే గుడ్డివాడైన చక్షుపాలుడిది. పాత జన్మలో వైద్యుడుగా ఉండి ఒకామెకు కండ్లు పోయే మందు వేసినాడని, దాని ఫలం ఇదని అందులో ఉంది. కాబట్టి మన పెద్దాయన అన్న మాటకు పుస్తకాల్లో ఆధారం లేదని వాదిస్తే అబద్ధమవుతుంది.

కానీ త్రిపిటకంలో ఇంకో మాటా ఉంది. శివకుడు అనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి అడుగుతాడు: మనిషికి కలిగే సుఖదుఃఖాలన్నీ పాత కర్మ వల్లనే అని కొందరంటారు, మీరేమంటారు? బుద్ధుడు ఎనిమిది కారణాలు చెబుతాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలవడం, కాలం మారడం, సరిగా చూసుకోకపోవడం, బయటి నుంచి తగిలే దెబ్బ, చివరన కర్మ. ఎనిమిదింట్లో కర్మ ఒక్కటి. అన్నీ కర్మే అనేవాళ్ళు కండ్లకు కనిపించేదాన్ని దాటిపోతున్నారు అని తేల్చి చెబుతాడు. ఇప్పటి డాక్టరు చెప్పేదానికి ఇది ఎంత దగ్గరో చూడండి. ఆ పిల్లవాడికి పురిట్లో ఊపిరి అందక మెదడుకు దెబ్బ తగిలిందని డాక్టర్లు వాళ్ళమ్మకు చెప్పినారు. అది ఆ ఎనిమిదింట్లో ఏదో మీరే చూసుకోండి.

వినయపిటకంలో ఇంకొకటి ఉంది. దాన్ని చదివినాకే మేము ఈ రాత రాయాలనుకున్నాం. ఒక భిక్షువుకు విరేచనాలు పట్టుకొని తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. తోటి భిక్షువులు ఎవరూ చూడలేదు. అతని వల్ల వాళ్ళకు ఏ సాయమూ లేదని వదిలేసినారు. బుద్ధుడు, ఆనందుడు అటు పోతూ చూసినారు. బుద్ధుడు నీళ్ళు తెప్పించి పోసినాడు, ఆనందుడు ఒళ్ళు కడిగినాడు. ఒకరు తల వైపు, ఒకరు కాళ్ళ వైపు పట్టుకొని మంచం మీద పడుకోబెట్టినారు. తరువాత భిక్షువులందరినీ పిలిచి, మీకు చూసేదానికి ఇక్కడ తల్లీ లేదు, తండ్రీ లేడు, మీకు మీరే చూసుకోకపోతే ఎవరు చూస్తారు, నాకు సేవ చేయాలనుకునేవాడు రోగికి సేవ చేయాలి అన్నాడు.

బౌద్ధులు నమ్మేది ఏమిటంటే, జ్ఞానం కలిగిన రాత్రి మొదటి జాములోనే బుద్ధుడికి పాత జన్మలన్నీ కనిపించినాయి. అంటే ఆ రోగి పోయిన జన్మలో ఏం చేసినాడో చెప్పగలిగినవాడు ఎవరైనా ఉంటే ఆయనే. ఆ మంచం దగ్గర ఆయన దాని గురించి ఒక్క మాట మాట్లాడలేదు. నీళ్ళు అడిగినాడు. పాత జన్మలు ఏమాత్రం తెలియని మనం మాత్రం పిల్లవాడి తల మీద చెయ్యి పెట్టి తీర్పు చెప్పేస్తాం.

మన పక్కనే ఈ సంగతి ముందే కనిపెట్టినవాళ్ళు ఉన్నారు. వేపనపల్లి అవతల కోలారు బంగారు గనులున్నాయి కదా. మన తాతల కాలంలో ఎన్ని తెలుగు, తమిళ కుటుంబాలు ఆ గనుల్లోకి దిగినాయో మీకు తెలుసు. 1898లో చెన్నపట్నంలో అయోధ్యదాస పండితుడు మొదలుపెట్టిన శాక్య బౌద్ధ సంఘం ఆ గనుల మారికుప్పం దాకా వచ్చింది. పుట్టుకను బట్టి తమను తక్కువ చేసే లోకంలో ఆ కూలీలు బుద్ధుణ్ణి ఎందుకు వెదుక్కున్నారో చెప్పనక్కరలేదు. అదే కాలంలో చెన్నపట్నంలో సైన్సు పాఠాలు చెప్పిన పోకల లక్ష్మీనరసు 1907లో ఇంగ్లీషులో బౌద్ధసారం గురించి ఒక పుస్తకం రాసినాడు. ఆత్మ ఒక ఒంటి నుంచి ఇంకో ఒంటికి దూకుతుందనే అర్థాన్ని ఆయన ఒప్పుకోలేదు. ఆ పుస్తకం 1948లో మళ్ళీ అచ్చయినప్పుడు దానికి ముందుమాట రాసింది డాక్టర్ అంబేడ్కర్. 1956 అక్టోబరు 14న నాగపూరులో బౌద్ధం తీసుకున్న అంబేడ్కర్, బుద్ధుడు చెప్పిన కర్మ వేరు, పోయిన జన్మ కర్మ ఈ జన్మకు వస్తుందనే సిద్ధాంతం వేరు అన్నాడు. పేదవాడి పేదరికానికి వాడి పాత జన్మే కారణమైతే, సమాజానికీ ప్రభుత్వానికీ ఏ బాధ్యతా ఉండదు కదా అనేది ఆయన ప్రశ్న. దానికి మనలో ఎవరు బదులు చెప్పగలరు?

ఈ మాటలన్నీ మేము ఆ పెద్దాయనతో చెప్పినాం. ఆయన చివరిదాకా విని, "అయితే కర్మ లేదంటారా?" అన్నాడు. ఆ దినం సరిగా చెప్పలేకపోయినాం. ఇప్పుడు చెబుతున్నాం.

పెద్దాయనా, కర్మ ఉందో లేదో మేము తేల్చలేం. మన సంఘంలో నమ్మేవాళ్ళున్నారు, నమ్మనివాళ్ళున్నారు, వేరే మతాలవాళ్ళున్నారు. కాలాములనే జనంతో బుద్ధుడే అన్నాడు: పరలోకం ఉంటే మంచివాడికి అక్కడా మేలే, లేకపోయినా ఇక్కడ మనసు నెమ్మదిగా ఉంటుంది, రెండు విధాలా నష్టం లేదు అని. కాబట్టి ఆ తగాదా పక్కన పెడదాం. మేము అడిగేది ఒక్కటే. కర్మ అనే మాటను మీరు ఏనుగు దగ్గర మీ మీద వాడుకున్నారు. నేను చంపితే నాకేమవుతుంది, ఇది నాకు ఎవరై ఉంటుంది అని. అప్పుడు అది మీ చెయ్యి ఆపింది. పిల్లవాడి దగ్గర అదే మాటను ఎదుటివాడి మీద వాడినారు. అప్పుడు అది మీ చేతిలో పని లేకుండా చేసింది. వాడి కర్మ అనేసినాక ఇంక మనం చేయాల్సింది ఏముంటుంది? వాడు ఏ జన్మలోనో మీకు తల్లి అయివుంటాడు అని ఏనుగును చూసినట్లే వాణ్ణి కూడా చూసివుంటే, మీ నోట ఆ మాట రాదు. మీ గుండె అట్లాంటిది కాదు.

ఇంకో మాట. మనం రాష్ట్రాల మధ్య గీసిన గీతకు ఇవతల పక్క పుట్టినాం. సేలం జిల్లా అయినాం, ధర్మపురి అయినాం, 2004 నుంచి కృష్ణగిరి అయినాం. మన బడి కోసం, మన మాట కోసం ఎన్ని తిప్పలు పడినాం! ఎవరైనా వచ్చి, పోయిన జన్మలో ఏం చేసుకున్నారో, ఇక్కడ తెలుగువాళ్ళుగా పుట్టినారు, అనుభవించండి అంటే ఊరుకుంటామా? అది కర్మ కాదు, మనుషులు గీసిన గీత, మనుషులే సరిచేయాలి అంటాం. మంటపం మెట్లు కూడా మనుషులు కట్టినవే.

అందుకని ఈ ఉగాదికి మేము మూడు పనులు అనుకున్నాం. వచ్చే ఆదివారం కూడినప్పుడు అందరూ సరేనంటే చేద్దాం.

ఒకటి, మెట్లు లేని మంటపం చూద్దాం. దొరకకపోతే చక్రాల కుర్చీ ఎక్కేటట్లు పలకలతో వాలు కట్టిద్దాం. అయ్యే ఖర్చు వంట లెక్కలో నుంచి మేము సర్దుతాం, ఒక తీపి తగ్గితే ఏమీ కాదు. ముసలివాళ్ళకూ అది పనికొస్తుంది.

రెండు, మన సభలో, మన పంక్తిలో, ఒక బిడ్డను గానీ, విధవరాలిని గానీ, బిడ్డలు లేని ఆలుమగలను గానీ, ఏ కులంవాళ్ళనైనా గానీ చూసి పోయిన జన్మ మాట ఎత్తకూడదు. ఎవరైనా ఎత్తితే పక్కనున్నవాళ్ళు మర్యాదగానే ఆపాలి. మాలాగా ఓళిగల పళ్ళెం పట్టుకొని నిలబడిపోకూడదు. ఓదార్చాలనుకుంటే, భోంచేసినారా, నేనేం చేయాలి అని అడిగితే చాలు.

మూడు, ఆ పిల్లవాడికి పద్యాలు నోటికి వచ్చు. వాడు ఒప్పుకుంటే, వాళ్ళమ్మ ఒప్పుకుంటే, ఈసారి వేదిక మీద వాడి చేత ఒకటి చదివిద్దాం. మాట తడబడితే తడబడనీండి, మనం నిదానంగా విందాం. జాలిపడి ఇచ్చే చోటు కాదది. వాడికి వచ్చు కాబట్టి అడుగుతున్నాం. రామంటే బలవంతం లేదు, అది వాళ్ళ ఇష్టం.

పిలిచేదానికి ఈసారి మాతోపాటు వస్తానని పెద్దాయన అన్నాడు. కర్మ సంగతిలో ఆయన మా మాట ఒప్పుకోలేదు, ఇంకా మాట్లాడుకోవాలి అన్నాడు. మాట్లాడుకుందాం. ముందు ఆ ఇంటికి పోయి వస్తాం.